సగంలో ఆగిన కాంటెస్సా 1.8 జీఎల్: ఇలాగే అమ్మాలా, పూర్తిచేసి అమ్మాలా?

సెక్టార్ 6 షెడ్డు

అందరికీ నమస్కారం. నా దగ్గర 1996 హిందుస్థాన్ మోటార్స్ కాంటెస్సా క్లాసిక్ 1.8 జీఎల్ కారు ఉంది. పెట్రోలు బండి, ఏపీ 31 నంబరు, ఆర్‌సీ నా పేరు మీదే. ఇప్పుడది బండి రూపంలో లేదు. బాడీ షెల్ నాలుగు స్టాండ్ల మీద, ఇంజిన్ ఒక మూల బల్ల మీద, మిగతా సంసారమంతా అట్టపెట్టెల్లో. వచ్చే మార్చితో వైజాగ్ స్టీల్ ప్లాంటులో నా సర్వీసు అయిపోతుంది. ఉక్కునగరం క్వార్టర్ ఖాళీ చేసి కూర్మన్నపాలెం ఫ్లాటుకి మారాలి. అక్కడ ఒక్క కారు పార్కింగే ఇచ్చారు. రోజూ తిరిగే కారు పెట్టాక చీపురు ఆనించడానికి కూడా గోడ మిగలదు. కాబట్టి అమ్మడం ఖాయం. ఎలా అమ్మాలో మీరు చెప్పండి.

ఏ పని అయిందో, ఏది కాలేదో రాస్తాను, లేకపోతే సలహాలు గాల్లో వస్తాయి.

మన ఊరి సముద్రపు గాలి సంగతి తెలిసిందేగా. డోర్ల కింద సిల్స్ రెండు పక్కలా, డ్రైవరు కాళ్ల దగ్గర ఫ్లోరు, డిక్కీలో స్టెప్నీ గుంట, అన్నీ తుప్పు తినేసింది. పొద్దున్నంతా ఉక్కు తయారుచేసి సాయంత్రం ఇంటికొచ్చి తుప్పు గీకుతాడని మా ఆవిడ చుట్టాలందరికీ చెప్పి నవ్వేది. టింకరింగ్ గాజువాక ఆటోనగర్‌లో ఒక పాత మేస్త్రీ చేశాడు. కాంటెస్సాకి విడిగా ఛాసిస్ ఫ్రేము ఉండదు, బాడీయే ఛాసిస్. సిల్ ఊరికే కోసేస్తే బండి నడుము కిందికి వంగుతుంది, ఆ తర్వాత ఎంత తంటాలు పడినా డోరు సరిగ్గా పడదు. ఆయన కోసే ముందు డోరు సందులో ఒకటి అడ్డంగా, ఒకటి ఏటవాలుగా యాంగిల్ ముక్కలు టాక్ వెల్డింగ్ పెట్టి బిగించాడు. ఒక పక్క పూర్తిగా అతికి, ఆ ముక్కలు తీసి, డోరు వేసి, పైనుంచి కిందిదాకా సందు ఒకే మందంలో ఉందో లేదో అట్టముక్క దూర్చి చూశాడు. అది కుదిరాకే రెండో పక్క ముట్టుకున్నాడు. 18 గేజి షీటు, సీఓటూ వెల్డింగ్. గ్యాస్ వెల్డింగ్ పెడితే పల్చటి రేకు వేడికి అలలు తేలుతుందని వద్దన్నాడు. "బాబూ, సందు సరిగా రాకపోతే మీరు డబ్బులియ్యకండి, నానూ అడగను" అన్నాడు. ఇప్పుడు డోరుని వేలితో తోస్తే చాలు, టక్కున పడుతుంది. ఈ ప్రాజెక్టు మొత్తంలో నేను గర్వంగా చూపించే పని ఇదే, చేసింది నేను కాకపోయినా.

ఇంజిన్ ఇసుజు 1817 సీసీ. బోరింగ్ చేయించి ఓవర్‌సైజు పిస్టన్లు, రింగులు, బేరింగులు వేశాం. హెడ్ (సిలిండర్ల పైమూత) కూడా సర్వీసు అయింది, కానీ బ్లాకు మీదికి ఎక్కలేదు. ఐదు గేర్ల గేర్‌బాక్సు విప్పలేదు, బాగానే ఉండేది. వైరింగ్ మొత్తం తీసి చుట్టి పెట్టాను, సగానికే చీటీలు కట్టి ఉన్నాయి.

లేనివి: ముందు అద్దం బీడింగు, ఎడమ పక్క టెయిల్ ల్యాంపు (పగిలిన ముక్క ఉంది), రూఫ్ లైనింగు. సీట్ల ఫ్రేములు ఉన్నాయి, స్పాంజి ఎలకలపాలు. క్రోమ్ బంపర్లు రెండూ, నాలుగు గుండ్రటి హెడ్‌లైట్లూ, గ్రిల్లూ, అద్దాలన్నీ భద్రంగా ఉన్నాయి.

మూడు లక్షలు దాటింది ఖర్చు. ఇప్పటిదాకా వచ్చిన బేరాలు ఇవీ. ఒక బ్రోకరు అరవై వేలు, ఓపెన్ ట్రాన్స్‌ఫర్ మీద, "పేరు మార్పు తర్వాత చూసుకుందాం సార్" అంటున్నాడు. ఒకతను బంపర్లు, లైట్లు మాత్రమే కావాలన్నాడు. సామాన్లవాడు కిలోల్లో అడిగాడు. అందరికంటే ఎక్కువ పలికింది భీమిలి రోడ్డులో కొత్తగా కాఫీ షాపు పెడుతున్న కుర్రాడు: లక్షా పాతిక వేలు! షాపు ముందు సిమెంటు దిమ్మ మీద పెట్టి ఫొటో పాయింట్ చేస్తాడట. ఇంజిన్ అక్కర్లేదట, అది నన్నే ఉంచుకోమన్నాడు.

ఏం చేయమంటారు?


ఆటోనగర్ బ్యాచ్

అన్నా, ముందు ఆ మూడు లక్షలు మర్చిపోండి. కొనేవాడు మీరు పెట్టింది లెక్కెయ్యడు, తను ఇంకా పెట్టాల్సింది లెక్కేస్తాడు. పెయింటు, వైరింగు, సీట్లు, ఏసీ, టైర్లు, ఇవన్నీ కలిపి తీసేయగా మిగిలిందే మీ రేటు. మీరు పూర్తిచేసి అమ్మినా ఇదే లెక్క. పెయింటు మీద పెట్టే రూపాయి తిరిగొస్తుందని గ్యారంటీ లేదు, పైగా కొనేవాడికి వేరే రంగు ఇష్టం ఉండొచ్చు. పెయింటు జోలికి పోకండి.

మీరు చేయాల్సినవి రెండే. హెడ్ ఎక్కించి ఇంజిన్ స్టార్ట్ చేయించండి, బల్ల మీదే అయినా పర్లేదు, ఇంజిన్‌కి స్టాండు కట్టించి ఒక బ్యాటరీ, సీసాలో పెట్రోలు, రేడియేటరుకి నీళ్లు. ఆయిల్ ప్రెషర్ గేజి కనపడేలా వీడియో తీయండి. "ఇంజిన్ చేయించాం" అని అందరూ అంటారు, తిరిగే ఇంజిన్ చూపించేవాడు పదిమందిలో ఒకడు. రెండోది, సస్పెన్షన్ బిగించి నాలుగు చక్రాల మీద నిలబెట్టండి. తోస్తే కదిలే బండికీ, క్రేనుతో ఎత్తాల్సిన బండికీ రేటులో చాలా తేడా ఉంటుంది. స్టీరింగు తిరగాలి, హ్యాండ్‌బ్రేకు పడకపోయినా సరే.

ఇంకో సంగతి. మీ ఇంజిన్ గురించి కొనేవాడు భయపడడు. అదే ఇసుజు అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్‌లోనూ వచ్చింది, అంబాసిడర్ 2014 దాకా తయారైంది. హెడ్ గాస్కెట్టు, రింగులు, వాటర్ పంపు అడిగితే తెప్పించేవాళ్లున్నారు. భయమంతా బీడింగులు, టెయిల్ ల్యాంపులు, అద్దాల దగ్గరే. కాంటెస్సా 2002లో ఆగిపోయింది, ఈ సామాను అంబాసిడర్‌కి పనికిరానిది, కాబట్టి ఎవడూ చేయడు. మీ దగ్గర అద్దాలు, గ్రిల్లు ఉన్నాయన్నది ప్రకటనలో ఇంజిన్ కంటే ముందు రాయండి.

పార్టులుగా మాత్రం అమ్మకండి. పనస తొనలు పంచిపెట్టి తొక్క ఇంట్లో ఉంచుకున్నట్టవుతుంది. బంపర్లు, లైట్లు వారంలో పోతాయి. షెల్లు మార్చిలో మీ క్వార్టర్లోనే ఉంటుంది, అప్పుడు సామాన్లవాడు చెప్పిందే రేటు.


మాధవధార

సార్, బండి సంగతి పైన చెప్పారు, నేను కాగితాల సంగతి చెప్తాను. ఆర్‌సీ గడువు ఎప్పటిదాకా ఉంది? అది రాయలేదు మీరు.


సెక్టార్ 6 షెడ్డు

2011లో ఒకసారి రెన్యువల్ చేయించాను. 2016తో తీరిపోయింది. అప్పటికే బండి షెడ్డులో ఉంది, రోడ్డెక్కలేదు. హైపోథికేషన్ ఏమీ లేదు, బ్యాంకు లోను ఎప్పుడో తీరి ఆర్‌సీలోంచి తీయించేశాను.


మాధవధార

అయితే జాగ్రత్తగా వినండి. ప్రైవేటు కారుకి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఐదేసి ఏళ్లకి రెన్యువల్. ఫారం 25 పెట్టి, బండిని ఇన్‌స్పెక్టరుకి చూపించాలి. అట్టపెట్టెల్లో ఉన్న బండికి అది కాదు. 20 ఏళ్లు దాటిన కార్లకి రెన్యువల్ ఫీజు 2025 ఆగస్టు నుంచి పదివేలు చేశారు, అంతకుముందు ఐదువేలు ఉండేది. ఆలస్యానికి అదనపు ఫీజు వేరే. ఇవన్నీ బండి పూర్తిచేసుకున్నవాడు కట్టుకోవాల్సినవి, కానీ మీ రేటులోంచే తగ్గిస్తాడు, అది మనసులో పెట్టుకోండి.

బ్రోకరు చెప్పే ఓపెన్ ట్రాన్స్‌ఫర్ మాట మళ్లీ ఎత్తనివ్వకండి. పేరు మార్పు ఫారాలు 29, 30 మీద ఖాళీగా సంతకాలు పెట్టి ఇస్తే, ఆ బండి ఎన్ని చేతులు మారినా ఆర్‌సీలో మీ పేరే ఉంటుంది. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముందుకు సరిగ్గా ఇలాంటి కేసే వచ్చింది. కారు ఒకరి నుంచి ఒకరికి అమ్ముడవుతూ పోయింది, పేరు మాత్రం మారలేదు, యాక్సిడెంట్ అయింది. పరిహారం బాధ్యత ఆర్‌సీలో పేరున్నవాడిదే అని తీర్పు. ఇన్సూరెన్స్ లేని బండికి అది ఎంత దూరం పోతుందో మీకు చెప్పక్కర్లేదు.

మీరు చేయగలిగింది ఇది. వంద రూపాయల స్టాంపు కాగితం మీద అమ్మకం ఒప్పందం రాయించండి. బండి నడవని స్థితిలో, విప్పిన స్థితిలో, ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాను, రెన్యువల్ అయ్యేదాకా రోడ్డు మీద నడపరు, లారీ మీదే తీసుకెళ్తున్నారు అని స్పష్టంగా ఉండాలి. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, అప్పగించిన తేదీ, టైము రాయండి. కొనేవాడి ఆధార్ కాపీ, ఇద్దరు సాక్షులు. ఫారం 29, 30లో కొనేవాడి పేరు, తేదీ నింపాకే సంతకం పెట్టండి. అమ్మినవాడు 14 రోజుల్లో అమ్మకం సంగతి ఆర్టీఓకి తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ చెప్తుంది. ఆ లెటరు ఇవ్వండి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. పేరు మార్పు వాళ్లు తర్వాత చేస్తారు, కానీ మీరు చెప్పినట్టు ఆధారం ఉంటుంది.

కాఫీ షాపువాడికి ఇస్తే దారి వేరు. శాశ్వతంగా వాడకానికి పనికిరాని బండి అని 55వ సెక్షన్ కింద రిపోర్టు చేసి ఆర్‌సీ సరెండర్ చేయాలి. ఆ తర్వాత అది బండి కింద లెక్క కాదు. కాగితాల పరంగా మీకు అన్నిటికంటే తేలిక దారి అదే, నిజం చెప్పాలంటే.

వింటేజ్ రిజిస్ట్రేషన్ అని ఎవరైనా ఆశ పెడితే నమ్మకండి. 2021లో వచ్చిన ఆ రూలు 50 ఏళ్లు దాటిన బండ్లకి. మీదానికి 2046 దాకా ఆగాలి.


రుషికొండ గాలి

బాబాయ్ గారూ, ఇంత ఆలోచన ఎందుకు? లక్షా పాతిక తీసుకోండి, ఇంజిన్ కూడా మీకే మిగిలింది, దాన్ని అంబాసిడర్ వాళ్లకి అమ్ముకోవచ్చు. కారు ఎలాగూ మీ దగ్గర ఉండదు. అక్కడుంటే కనీసం జనం చూస్తారు.


సెక్టార్ 6 షెడ్డు

తమ్ముడూ, లెక్క నువ్వు చెప్పినట్టే వస్తుంది, కాదనను. కానీ సముద్రానికి ఎదురుగా, పైన రేకు కూడా లేకుండా పెడితే రెండు వానాకాలాల్లో ఆ సిల్స్ మళ్లీ జల్లెడ అవుతాయి. మేస్త్రీ ఆ దారిన పోతూ చూస్తే నాకు ఫోన్ చేసి తిడతాడు, నేను సమాధానం చెప్పుకోలేను. పదీ ఇరవై వేలు తక్కువకైనా బండి చేసుకునేవాడు దొరికితే వాడికే ఇస్తాను. దొరక్కపోతే ఫిబ్రవరిలో కాఫీ షాపే. అంతకుమించి పంతం లేదు నాకు.


మిషిగన్ నుంచి

అంకుల్, నమస్తే. మాది ఎంవీపీ కాలనీ, ఇక్కడ ఉద్యోగం. ఇక్కడ మజిల్ కార్లంటే 1964లో పాంటియాక్ వాళ్లు టెంపెస్ట్ లాంటి మామూలు సైజు బండిలో 389 క్యూబిక్ అంగుళాల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) పెట్టి జీటీఓ అని అమ్మిన దగ్గర్నుంచి మొదలు. కాంటెస్సాకి నాలుగు సిలిండర్లే, మూలం ఇంగ్లండు వాక్స్‌హాల్, అయినా ఆ ముక్కూ ఆ పొడుగూ చూసి మనవాళ్లు ఇండియన్ మజిల్ కార్ అంటారు. ఇక్కడి మా స్నేహితులకి ఫొటో చూపిస్తే వాళ్లూ ఒప్పుకున్నారు.

సగంలో ఆగిన బండి కొన్నవాడిగా చెప్తున్నా. నేను తీసుకున్నది 1970 డాడ్జ్ డార్ట్ స్వింగర్ 340 (340 క్యూబిక్ అంగుళాల వీ8 ఉన్నది), బాడీ ప్రైమరులో, ఇంజిన్ విడిగా. ఆ కాలంలో స్లాంట్ సిక్స్ అనే ఆరు సిలిండర్ల చిన్న ఇంజిన్ ఉన్న డార్ట్‌కి 340 బ్యాడ్జి అంటించి అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. వీఐఎన్‌లో (బండి గుర్తింపు నంబరులో) ఐదో అక్షరం చూస్తే సంగతి తెలిసిపోతుంది, 1970లో 340 అయితే హెచ్ ఉండాలి. నాకు అమ్మిన పెద్దాయన నేను అడగకముందే టార్చిలైటు వేసి ఆ ప్లేటు చూపించాడు. తర్వాత ఒక కాగితం ఇచ్చాడు, అందులో లేని వస్తువుల లిస్టు. ఉన్నవాటి లిస్టు కాదు! అది చూశాక నేను ఆయనతో బేరం ఆడలేదు.

మీరూ అలాగే చేయండి. ప్రకటనలో మొదటి ఫొటో ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, ఆర్‌సీ పక్కపక్కన పెట్టి తీసినది (ఇంటర్నెట్‌లో పెట్టేది కొన్ని అంకెలు కప్పేసి). రెండో ఫొటో మీ మేస్త్రీ డోరు సందులో వేసిన యాంగిల్ ముక్కలది. ఉందా?


సెక్టార్ 6 షెడ్డు

ఉంది. మా అబ్బాయి తీశాడు. కోసిన సిల్లు, యాంగిల్స్, పక్కన మేస్త్రీ టీ గ్లాసుతో సహా వచ్చింది.


మిషిగన్ నుంచి

అయితే దాని మీదే పది వేలు ఎక్కువ అడగండి. పుట్టీ కింద ఏముందో తెలియక భయపడేవాడికి అంతకంటే ఏం కావాలి? వైరింగుకి మిగతా సగం చీటీలు కూడా మీరే కట్టండి. ఏ తీగ ఎక్కడిదో మీకు గుర్తున్నది, కొన్నవాడికి ఉండదు.


కొత్తవలస కుర్రాడు

నమస్కారం గురువు గారూ. నేను కొనే ఉద్దేశంతోనే అడుగుతున్నాను, ఏమనుకోవద్దు. ప్రైమరు ఎపాక్సీయా, మామూలు గ్రే ప్రైమరా? పుట్టీ ఎక్కడెక్కడ ఉంది? ఇంజిన్ బోర్లు (సిలిండర్ల రంధ్రాలు) తెరిచి ఉన్నాయా?


సెక్టార్ 6 షెడ్డు

అడగాల్సినవే అడిగావు. ఫ్లోరు, సిల్స్, వీల్ ఆర్చీలు లోపలా బయటా ఎపాక్సీ. రూఫ్, బానెట్, డిక్కీ మూత మీద మామూలు గ్రే ప్రైమరు. పుట్టీ వెనక కుడి ఆర్చీ మీద ఉంది, అక్కడ రేకు వంకర సరిచేశారు. బోర్లకి ఆయిల్ రాసి పైన ప్లైవుడ్ చెక్క బిగించి పాలిథీన్ కట్టాను. నెలకోసారి విప్పి, చేత్తో క్రాంక్ తిప్పి, మళ్లీ ఆయిల్ రాస్తాను.


కొత్తవలస కుర్రాడు

గ్రే ప్రైమరు తేమ పీలుస్తుంది సార్. అది మొత్తం గీకించి మళ్లీ ఎపాక్సీ కొట్టాలి నేను. రేటులో అది చూడండి. ఆదివారం రావచ్చా?


ఆటోనగర్ బ్యాచ్

తమ్ముడు పని తెలిసినవాడిలా ఉన్నాడు. అన్నా, వాడు వచ్చేలోపు హెడ్ ఎక్కించేయండి. హెడ్ బోల్టులు మధ్యలోంచి బయటికి, విడతలవారీగా టార్క్ రెంచితో. మీకు తెలియనిది కాదనుకోండి.


సెక్టార్ 6 షెడ్డు

అందరికీ సమాచారం. హెడ్ ఎక్కింది. మా డిపార్ట్‌మెంటు కుర్రాళ్లిద్దరు వచ్చి స్టాండు కట్టారు. మొదట కార్బురేటరు ఫ్లోటు అంటుకుపోయి పెట్రోలు కారింది, విప్పి కడిగాక మూడు నిమిషాలు నడిపాం. ఆయిల్ ప్రెషరు బాగుంది, పొగ లేదు. పక్క క్వార్టరు వాళ్లు ఏదో పేలిందని బయటికొచ్చారు, సైలెన్సరు లేదు కదా మరి.

కొత్తవలస కుర్రాడు వాళ్ల మావయ్యని తీసుకొచ్చాడు. మావయ్య మాట్లాడలేదు. జేబులోంచి గుడ్డలో చుట్టిన అయస్కాంతం తీసి బండి చుట్టూ తిరిగాడు. సిల్స్ మీద అంగుళం అంగుళం పెట్టి చూశాడు, ప్రతిచోటా పట్టుకుంది. వెనక కుడి ఆర్చీ దగ్గర జారిపోయింది. "పుట్టీ చెప్పిన చోటే ఉంది" అన్నాడు, అంతే. ఆ తర్వాత కుర్రాడు డోరు వేసి తీసి, వేసి తీసి, చివరికి మావయ్య చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది.

నేను లక్షా డెబ్బై చెప్పాను. వాళ్లు గ్రే ప్రైమరు, టెయిల్ ల్యాంపు, రెన్యువల్ ఖర్చులు అన్నీ వరసగా చదివి లక్షా ముప్ఫై అన్నారు. లక్షా నలభై రెండుకి తెగింది. సస్పెన్షన్ కూడా బిగించేశాం, స్టీరింగు తిప్పితే చక్రాలు తిరుగుతున్నాయి, తోస్తే కదులుతోంది, కాబట్టి లారీ ఎక్కించడం ఇబ్బంది కాలేదు. బల్లకట్టు లారీ కూలి వాళ్లదే. పెట్టెలన్నిటి మీదా అంకెలు వేసి, లేని వస్తువుల కాగితం విడిగా ఇచ్చాను. మావయ్య అది చదివి ఇంకో రెండు వస్తువులు కలిపాడు, నాకు తట్టనివి. సరే అని సంతకం పెట్టాను.

కాఫీ షాపు అబ్బాయికి ఫోన్ చేసి చెప్పాను. బాధపడ్డాడు. మార్చేసిన పాత తుప్పు డోర్లు రెండు, ఒక బానెట్ నా దగ్గర మిగిలి ఉన్నాయంటే గోడకి బిగిస్తానని ఎనిమిది వేలకి పట్టుకెళ్లాడు. సామాన్లవాడికి ఇస్తే ఎంతొచ్చేదో నాకు తెలుసు, కాబట్టి ఫిర్యాదు లేదు.

మాధవధార గారూ, ఒప్పందం మీరు చెప్పినట్టే రాయించాం, ఫారాలు నింపాకే సంతకం పెట్టాను. ఆర్టీఓ ఆఫీసులో లెటరు ఇచ్చి అందినట్టు స్టాంపు వేయించుకున్నాను, కాపీ ఒకటి నా దగ్గర, ఒకటి కుర్రాడి దగ్గర ఉంది. బంపర్ల కోసం ఇంకా మెసేజులు పెడుతున్నవాళ్లు ఇక అతన్నే అడగండి, ఇవ్వడని నా అనుమానం.